‘టెనెట్’ అర్థం కాలేదా? రెండోసారి ఇలా చూడండి

క్రిస్టోఫర్ నోలన్ 2020లో తీసిన ‘టెనెట్’ చూసి, నిజమైన బోయింగ్ 747ను భవనంలోకి గుద్దించిన సీను అదిరిందంటూనే, కథ బుర్రకెక్కలేదని ఉసూరుమన్నవాళ్లు చాలామంది. ఆ నిరాశలో అర్థం కాకపోవడం, నచ్చకపోవడం కలిసిపోయి ఉంటాయి. మొదటిది తీరితేగానీ రెండోది తేలదు. ఇది సినిమా ఒకసారి చూసినవాళ్ల కోసం. కథలో ముడులన్నీ ఇక్కడ విప్పేస్తున్నాం.

ముందు సౌండ్ సంగతి చూడండి. మాటలు వినపడకపోవడం మీ ఇంగ్లీషు లోపం కాదు. నోలన్ షూటింగ్‌లో పలికిన మాటల్నే వీలైనంతవరకు ఉంచుతాడు, స్టూడియోలో మళ్లీ చెప్పించడం ఇష్టపడడు. దానికి తోడు మాస్కులు, పడవ మోత, సంగీతం. సబ్‌టైటిల్స్ తప్పకుండా పెట్టుకోండి. 5.1 సరౌండ్ సెట్ ఉంటే, మాటలు ఎక్కువగా వినిపించే సెంటర్ స్పీకర్‌ను 3 డెసిబెల్స్ పెంచండి. మొత్తం వాల్యూమ్ మాత్రం పెంచొద్దు, తర్వాతి పేలుడుకి చెవులు గింగురుమంటాయి.

సైన్సు పాఠం జోలికి పోకండి. ఒక్క నియమం చాలు: టర్న్‌స్టైల్ అనే యంత్రంలోకి వెళ్లిన మనిషికి కాలం వెనక్కి నడుస్తుంది, అంతేగానీ అతను గతంలోకి దూకలేడు. వారం వెనక్కి వెళ్లాలంటే వారమంతా వెనక్కి బతకాలి. వాళ్లు ఓడ మీద కంటైనర్‌లో రోజులు గడిపేది అందుకే. చాలామంది జారవిడిచేది ఈ ముక్కే.

ఎవరు ఎటు నడుస్తున్నారో మాస్కు చెబుతుంది. వెనక్కి నడిచేవాళ్ల ఊపిరితిత్తులు మామూలు గాలిని తీసుకోలేవు, అందుకే బయట తిరిగేటప్పుడు ఆక్సిజన్ మాస్కు. టర్న్‌స్టైల్ గదుల్లో, చివరి యుద్ధంలో రంగులూ ఉన్నాయి: ఎరుపు ముందుకి, నీలం వెనక్కి.

ఇప్పుడొక కాగితం, రెండు పెన్నులు తీసుకోండి. ఎర్ర పెన్నుతో ఎడమ నుంచి కుడికి కీవ్, ముంబై, ఓస్లో, టాలిన్ రాసి గీత గీయండి. టాలిన్ నుంచి ఓస్లో దాకా నీలి గీత వెనక్కి తెండి. అక్కడ హీరో మళ్లీ మామూలు కాలంలోకి వచ్చి, ఆయుధాల వ్యాపారి ప్రియను కలిసి, మరోసారి వెనక్కి బయల్దేరతాడు. ఆ నీలి గీత కీవ్ దాకా పోవాలి, ఎందుకంటే సినిమా మొదట్లో కీవ్ ఒపెరా హౌస్ మీద దాడి, చివర్లో స్టాల్స్క్-12 ఊళ్లో యుద్ధం ఒకే రోజు జరుగుతాయి. ఈ బొమ్మ పక్కన ఉంటే సగం గందరగోళం పోతుంది.

ఓస్లో దగ్గర ఆగండి. టర్న్‌స్టైల్ రెండు వైపుల నుంచి ఇద్దరు మాస్కు మనుషులు ఒకేసారి బయటపడతారు. ఒకడితో హీరో కలబడతాడు, ఇంకొకడిని హీరో సహచరుడు నీల్ తరిమి, మాస్కు లాగి, ముఖం చూసి వదిలేస్తాడు. ఇద్దరూ ఒక్కడే, తర్వాతి రోజుల నుంచి వచ్చిన హీరోనే. వెనక్కి నడుస్తూ యంత్రంలోకి వెళ్లినవాడు ఒకడు, అందులోంచి మామూలుగా బయటికొచ్చినవాడు మరొకడు. మన వైపు నుంచి చూస్తే లోపలికి వెళ్లడం కూడా బయటికి రావడంలాగే కనిపిస్తుంది. ఈ ఫైట్ చూడగానే సినిమా ముందుకి జరిపి, గంట పైచిలుకు తర్వాత వచ్చే రెండో ఫైట్ చూడండి. ఒక్కో దెబ్బా జతపడుతుంది. సినిమాలో అన్నింటికంటే శ్రద్ధగా అల్లిన పని ఇదే.

టాలిన్ రోడ్డు మీద కార్లన్నీ లెక్కపెట్టకండి, బోల్తా పడి లేచే సాబ్ కారునే చూడండి. దాన్ని నడిపేది కాలంలో వెనక్కి నడుస్తూ వచ్చిన హీరోనే. విలన్ సేటర్‌కి హీరో విసిరిన పెట్టె ఖాళీది, అందులో ఉండాల్సిన, సేటర్ వెతుకుతున్న యంత్రం ముక్క సాబ్‌లో పడింది.

చివరి యుద్ధంలో ఎవరు ఎవర్ని కాలుస్తున్నారో వెతకొద్దు. అది తెర మీద సరిగా కనపడదు, తప్పు మీది కాదు. నీల్ వీపు బ్యాగుకి ఉన్న ఎర్ర దారం ఒక్కటి గుర్తుపెట్టుకోండి. కీవ్‌లో హీరోని కాపాడినవాడి బ్యాగుకీ అదే ఉంటుంది, గేటు వెనక పడి ఉన్న శవం బ్యాగుకీ అదే. అంటే ఇద్దరూ నీలే.

ఇంత చేశాక కూడా మనసుకి తగలకపోతే, కారణం కాలం చిక్కుముడి కాదు. హీరోకి పేరు లేదు, ఇల్లు లేదు, గతం లేదు. సేటర్ భార్య క్యాట్ తన కొడుకు కోసం అంత పోరాడుతుంటే ఆ పిల్లాడు దూరంగా నడుస్తూ కనిపిస్తాడే తప్ప మనకి దగ్గర కాడు. ఈ అసంతృప్తి న్యాయమైనదే, మూడోసారి చూసినా తీరదు. నీల్ వీడ్కోలు సీను మాత్రం, దారం సంగతి తెలిశాక, మొదటిసారి కంటే గట్టిగా పట్టుకుంటుంది.