లినక్స్ ఇన్‌స్టాల్‌కు ముందు బయోస్ తంటాలు: సమస్య - పరిష్కారం

బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు లేచే ప్రోగ్రామ్) దేన్నైనా మార్చేముందు విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకు తాళం వేసే ఫీచర్) ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీని వేరేచోట రాసిపెట్టుకుని, బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేశాకే బయోస్ జోలికి వెళ్లండి. సెక్యూర్ బూట్‌ను (నమ్మకమైన సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే సెట్టింగ్) కదిపినా బిట్‌లాకర్ కీ అడగొచ్చు. కీ లేకపోతే ఆ డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే.

సమస్య: బయోస్ తెరవడానికి ఎఫ్2, డిలీట్ ఎంత నొక్కినా నేరుగా విండోసే వస్తోంది.
ఫాస్ట్ బూట్ వల్ల కీబోర్డు మేలుకునే లోపే బూట్ దాటిపోతుంది. విండోస్‌లో షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. వచ్చే మెనూలో వరుసగా ఇవి ఎంచుకోండి: ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్. ఈ చివరిది కనబడకపోతే విండోస్ లెగసీ మోడ్‌లో (యూఈఎఫ్ఐకి ముందున్న పాత బూట్ పద్ధతి) ఉండొచ్చు. అదే నిజమైతే లినక్స్‌నూ లెగసీలోనే వేయండి, రెండూ కలిపితే తలనొప్పి.

సమస్య: పెన్‌డ్రైవ్ బూట్ మెనూలో లేదు.
చాలాసార్లు తప్పు బయోస్‌ది కాదు, ఐఎస్ఓను (డౌన్‌లోడ్ చేసిన లినక్స్ ఇన్‌స్టాలర్ ఫైల్) మామూలు ఫైల్‌లా కాపీ చేసి ఉంటారు. రూఫస్ అనే టూల్‌తో, మీ విండోస్ లెగసీలో లేకపోతే జీపీటీ, యూఈఎఫ్ఐ ఎంచుకుని మళ్లీ రాయండి. అప్పుడు మెనూలో ఒకే డ్రైవ్ రెండుసార్లు కనబడితే, పేరుకు ముందు యూఈఎఫ్ఐ అని ఉన్నదాన్నే తీసుకోండి.

సమస్య: సెక్యూరిటీ వయొలేషన్ అని ఆగిపోతోంది.
ఉబుంటు, ఫెడోరా, డెబియన్ లాంటి డిస్ట్రోల (లినక్స్ రకాల) బూట్‌లోడర్‌కు, అంటే లినక్స్‌ను లేపే ప్రోగ్రామ్‌కు, మైక్రోసాఫ్ట్ సంతకం ఉంది కాబట్టి సాధారణంగా సెక్యూర్ బూట్‌తోనే లేస్తాయి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో థర్డ్ పార్టీ సర్టిఫికెట్ ఆఫ్‌లో ఉంటుంది, ముందు దాన్ని ఆన్ చేసి చూడండి. సంతకం లేని డిస్ట్రో అయితేనే సెక్యూర్ బూట్ తీసేయండి.

సమస్య: ఇన్‌స్టాలర్ లేచింది, కానీ డిస్కే కనబడటం లేదు.
ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. బయోస్‌లో స్టోరేజ్ మోడ్ (డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) ఇంటెల్ ఆర్ఎస్‌టీలోనో వీఎండీలోనో ఉంటే కొన్ని ఇన్‌స్టాలర్లకు ఎస్ఎస్‌డీ అందదు. దాన్ని ఏహెచ్‌సీఐ అనే మామూలు మోడ్‌కి మార్చాలి, కానీ నేరుగా మార్చేస్తే విండోస్ బ్లూ స్క్రీన్‌తో, ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అంటూ చతికిలబడుతుంది. అందుకని ముందు విండోస్‌లో సిస్టమ్ కాన్ఫిగరేషన్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ టిక్ చేయండి. రీస్టార్ట్ చేసి బయోస్‌లో ఏహెచ్‌సీఐ పెట్టి, వీఎండీ ఉంటే ఆపండి. విండోస్ సేఫ్ మోడ్‌లో లేచి సరైన డ్రైవర్ ఎక్కించుకుంటుంది. ఆ టిక్ తీసి మళ్లీ రీస్టార్ట్ చేస్తే సరి. సేఫ్ మోడ్‌లో పిన్ తీసుకోకపోవచ్చు, పాస్‌వర్డ్ గుర్తుండాలి. ఇప్పటికే నేరుగా మార్చేసి బ్లూ స్క్రీన్ చూస్తున్నవాళ్లు కంగారు పడక్కర్లేదు, పాత మోడ్ పెడితే విండోస్ లేస్తుంది. రెండు డిస్కులను నిజంగానే రైడ్‌గా (ఒకే డిస్క్‌లా పనిచేసేలా) కలిపి ఉంటే మాత్రం ఈ పని చేయకండి.

సమస్య: ఇన్‌స్టాల్ పూర్తయినా విండోసే వస్తోంది.
బూట్ ఆర్డర్‌లో విండోస్ బూట్ మేనేజర్ పైన ఉంది. మీ డిస్ట్రో పేరును దానిపైకి జరపండి.