పీఎం కిసాన్ డబ్బులు పడలేదు: మా నాయన విషయంలో పనిచేసింది ఇదే

మాది బంగారుపాళెం దగ్గర, మామిడి తోట. ఏటా మూడు విడతల్లో రావాల్సిన 6,000లో రెండు విడతలు నాయన ఖాతాలో పడలేదు. ఈకేవైసీ మళ్లీ చేయించాం, పాస్‌బుక్ జిరాక్సులిచ్చాం, రైతు సేవా కేంద్రం చుట్టూ తిరిగాం, లాభం లేదు.

చివరికి మైఆధార్ సైట్‌లో నాయన ఆధార్ నంబరు, ఓటీపీతో లాగిన్ అయి ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ (ఆధార్ మీద వచ్చే డబ్బు ఏ బ్యాంకుకు పోతుందో చూపేది) చూశాను. అక్కడుంది వేరే బ్యాంకు పేరు! ఎప్పుడో గ్యాస్ సబ్సిడీకని తెరిచి, వాడక వదిలేసిన ఖాతా. ఆధార్ ఆధారంగా వేసే డబ్బు చివరగా సీడింగైన ఖాతాకే పోతుంది.

నాయన్ను వెంటబెట్టుకుని ఇప్పుడు వాడే బ్యాంకుకెళ్లాను. ‘ఆధార్ లింకయ్యే ఉంది’ అని పంపేయబోయారు. లింకు వేరు, సీడింగ్ వేరు: లింకంటే ఖాతాకు ఆధార్ జతచేయడం, సీడింగంటే ఆధార్ డబ్బు ఏ బ్యాంకుకు పోవాలో ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) దగ్గర నమోదు చేయడం. ‘డీబీటీ కోసం ఎన్‌పీసీఐలో మార్చండి’ (డీబీటీ అంటే ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడటం) అని గట్టిగా అడిగి, సీడింగ్ ఫారం నింపి, పాత బ్యాంకు పేరు కూడా రాసి, నాయన చేత సంతకం పెట్టించి రసీదు తీసుకున్నాను. (రసీదు అడగందే ఇవ్వరు.) వారం తర్వాత స్టేటస్‌లో బ్యాంకు పేరు మారింది. తర్వాతి విడత 2,000 పడింది.

పాత విడతలు మాత్రం ఇంకా రాలేదు. మీకు పీఎం కిసాన్ స్టేటస్‌లో ల్యాండ్ సీడింగ్ ‘నో’ అని ఉంటే ఇది పనిచేయదు, అది భూమి రికార్డుల సంగతి.