గిటార్ ఆంప్‌లో పవర్ వాల్వుల బయాస్ ఎలా సెట్ చేయాలి?

హనుమకొండలో మా ఇంటి ప్లగ్గులో రాత్రి ఎనిమిదికి 214 వోల్టులు ఉంటే, తెల్లారి ఐదింటికి 241 ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్లలో యాసంగి మోటార్లు నడిచే రోజుల్లో తేడా ఇంకా ఎక్కువ. బయాస్‌ను, అంటే ఆంప్‌లోని వాల్వుల్లో (గాజు గొట్టాల్లో) పారే కరెంటును సర్దే వోల్టేజిని, ముట్టుకునే ముందు మీ ఇంట్లో ఈ రెండు అంకెలు ఎంతో చూసి రాసుకోండి. కాజీపేటలో ఒక చర్చి బృందం ఆంప్‌కు నేను రాత్రిపూట, లో వోల్టేజిలో బయాస్ సెట్ చేసి ఇచ్చాను. ఆదివారం పొద్దున ఆరాధన మధ్యలో ఫోన్ వచ్చింది, లోపల ఒక వాల్వు ఎర్రగా కాలుతోందని. ఆ తప్పు నాదే. అప్పటి నుంచి వోల్టేజి ఎక్కువగా ఉన్న వేళలోనే ఈ పని చేస్తున్నాను.

బయాస్ అంటే వాల్వు గ్రిడ్‌కు (లోపల కరెంటును అదుపు చేసే తీగల వలకు) ఇచ్చే మైనస్ వోల్టేజి. మైనస్ పెరిగితే నల్లా బిగించినట్టు కరెంటు తగ్గుతుంది, మైనస్ తగ్గితే ధార పెరుగుతుంది. కరెంటు మరీ తగ్గిస్తే మెల్లగా వాయించిన నోట్లు గరగరమంటాయి. కరెంటు మరీ పెంచితే వాల్వు తొందరగా అరిగిపోతుంది, ఆ కరెంటును అందుకునే ప్లేటు ఎర్రబడుతుంది. వాక్స్ ఏసీ30 లాంటి, బయాస్‌ను వాటంతట అవే సర్దుకునే క్యాథోడ్ బయాస్ ఆంపులకు ఈ పని అక్కర్లేదు. తిప్పడానికి ట్రిమ్‌పాట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న నాబ్) ఉన్న ఫిక్స్‌డ్ బయాస్ ఆంపులకే ఇది.

ప్రాణం మీదికి వచ్చే సంగతి ముందు చెప్తాను. ప్లగ్గు పీకేసినా లోపలి కెపాసిటర్లలో 400 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. 10 కిలోఓమ్‌లు, 5 వాట్ల రెసిస్టర్‌కు ఇన్సులేషన్ ఉన్న వైర్లు అతికించి, ఒక కొస చాసిస్‌కు (ఆంప్ లోపలి లోహపు పెట్టెకు), ఇంకో కొస కెపాసిటర్ ప్లస్‌కు కొన్ని సెకన్లు ఆనించండి. మీటరు పెట్టి సున్నాకు దగ్గరగా వచ్చిందా లేదా చూడండి. ఒక్కో కెపాసిటర్‌నూ విడిగా చూడాలి. ఈ పనికి చెయ్యి వణికితే, తెలిసిన మెకానిక్‌కు ఇచ్చేయండి.

ప్రతి పవర్ వాల్వు క్యాథోడ్‌కూ (ఎలక్ట్రాన్లు వెలువడే భాగానికీ) గ్రౌండ్‌కూ మధ్య 1 ఓమ్ రెసిస్టర్ ఉండాలి. లేకపోతే సోల్డర్ చేయండి. దాని మీద 1 మిల్లీవోల్టు చూపిస్తే 1 మిల్లీఆంపు పారుతున్నట్టు. ఫెండర్ హాట్ రాడ్ డీలక్స్‌లో రెండు వాల్వులకూ కలిపి ఒకటే ఉంటుంది కాబట్టి వచ్చిన అంకెను రెండుతో భాగించాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు.

ఇప్పుడు పవర్ వాల్వులు తీసేసి, స్పీకరు కలిపి, ఆంప్ ఆన్ చేయండి. సాకెట్లన్నిటిలో గ్రిడ్‌ది అయిన 5వ పిన్ దగ్గర మైనస్ వోల్టేజి వస్తోందా చూడండి (పిన్నులు లెక్కించే తీరు కింద చెప్తాను). ఒక్కదానికి రాకపోయినా అందులో వాల్వు పెట్టొద్దు. ట్రిమ్‌పాట్‌ను మైనస్ అన్నిటికన్నా ఎక్కువ ఉండే వైపు తిప్పి, ఆపేసి, వాల్వులు బిగించండి. స్పీకరు లేకుండా ఆన్ చేస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పాడవ్వొచ్చు. వాల్యూమ్ సున్నాలో పెట్టి మళ్లీ ఆన్ చేయండి.

ప్లేటు వోల్టేజి ఈఎల్34, 6ఎల్6 అనే రెండు రకాల పవర్ వాల్వులకూ 3వ పిన్ దగ్గర కొలవాలి. సాకెట్ కింది నుంచి చూసేటప్పుడు గాడి దగ్గర మొదలుపెట్టి గడియారం ముల్లు తిరిగే దిక్కున పిన్నులు లెక్కించాలి. పక్కనే ఉన్న 2వ పిన్ హీటరుది, ప్రోబ్ జారి రెండింటినీ తాకకూడదు. అందుకే ఆంప్ ఆపి ఉన్నప్పుడే నల్ల ప్రోబ్‌ను క్లిప్‌తో చాసిస్‌కు పట్టించి, ఆన్ చేశాక ఒక్క చేత్తోనే కొలవండి. రెండో చెయ్యి జేబులో ఉండాలి. మీటరు కనీసం 600 వోల్టులకు పనికొచ్చేది కావాలి.

ఈఎల్34 ప్లేటు 25 వాట్ల వరకు ఓర్చుకుంటుంది, 6ఎల్6జీసీ 30 వాట్ల వరకు. అందులో 70 శాతం దాటనివ్వకండి. ఈఎల్34కు అది 17.5 వాట్లు. ప్లేటు మీద 450 వోల్టులుంటే, 17.5ను 450తో భాగిస్తే దాదాపు 39 మిల్లీఆంపులు, అంటే మీటరులో 39 మిల్లీవోల్టులు. ఇందులో స్క్రీన్ (వాల్వులోని రెండో గ్రిడ్) కరెంటు కూడా కలిసి ఉంటుంది కాబట్టి ప్లేటు మీద అసలు భారం కాస్త తక్కువే. అదే ప్లేటు తెల్లవారుజామున 500 వోల్టులకు ఎక్కితే, కరెంటు కదలకపోయినా 19.5 వాట్లవుతుంది. నిజానికి కరెంటు కూడా పెరుగుతుంది. కాజీపేటలో జరిగింది ఇదే.

ట్రిమ్‌పాట్ కొంచెం కొంచెం తిప్పండి. కరెంటు పెరిగేకొద్దీ ప్లేటు వోల్టేజి కాస్త పడుతుంది, మళ్లీ కొలిచి మళ్లీ భాగించాలి. అంకె రాగానే లేచిపోవద్దు. పావుగంట, ఇరవై నిమిషాలు వేడెక్కనిస్తే మీటరు మెల్లగా రెండు మూడు మిల్లీవోల్టులు జరుగుతుంది, అప్పుడు సరిదిద్దండి. జోడీలో రెండు వాల్వుల మధ్య 5 మిల్లీఆంపుల లోపు తేడా ఉంటే పర్వాలేదు.

చివరగా గదిలో లైటు ఆపి వాల్వులను చూడండి. నడుమ హీటరు నారింజరంగు వెలుగు మామూలే. చుట్టూ ఉన్న బూడిదరంగు ప్లేటు మీద ఎక్కడైనా ఎర్ర మచ్చ కనిపిస్తే వెంటనే స్విచ్ ఆపండి. అన్నీ బాగుంటే చాసిస్ లోపల చిన్న టేపు ముక్క అతికించి తేదీ, ప్లగ్గు వోల్టేజి, ప్లేటు వోల్టేజి, మిల్లీవోల్టులు రాసి పెట్టండి.