మునిగిన బోటు దగ్గర వలతోనే జాగ్రత్త

చెన్నైకి డైవింగ్‌కి వచ్చే మనవాళ్లు ముందుగా అడిగేది సొరచేపల గురించి. వాళ్లని మునిగిన చేపల బోటు దగ్గరికి దింపే నాకు మాత్రం వలంటేనే భయం. బోటు మునిగిపోయినా దాని వల పని మానదు.

నేను చూపించే ఆ మునిగిన బోటు 22 మీటర్ల లోతున, పక్కకి ఒరిగి ఉంది. డైవింగ్‌లో మొదటి మెట్టైన ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ 18 మీటర్ల వరకే కాబట్టి, దీనికి ఆ పై మెట్టు, అడ్వాన్స్‌డ్ ఉండాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రావద్దు, వానలకి నీళ్లు బురదగా ఉంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం. ట్రాలర్లు నెత్తిమీద తిరగవు గనక నాకు ఆ రోజులే ఇష్టం.

పైనుంచి కిందికి వేసిన తాడు పట్టుకునే దిగండి. బోటు కనబడగానే దాని మీదికి వెళ్లిపోకండి. నీటి లాగుడు ఎటుందో చూసుకుని, అది మిమ్మల్ని బోటుకి దూరంగా నెట్టే పక్కనే ఉండండి. టార్చిని ఏటవాలుగా పట్టుకోండి. వలలోని నైలాన్ దారం అప్పుడే మెరుస్తుంది, ఎదురుగా వేస్తే కనబడదు.

రెండేళ్ల కిందట ఆ బోటు వించ్ (వల తాడు చుట్టే యంత్రం) పక్కన ఒక గ్రూపర్ చేపని చూస్తూ ఆగాను. కదలబోతే వెనకనుంచి ఎవరో పట్టి లాగినట్టైంది. ఏంటా అని వెనక్కి తిరిగాను. ఆ ఒక్క తిరుగుడుతో దారం సిలిండర్ వాల్వ్‌కి చుట్టుకుపోయింది. నా బడ్డీ, అంటే నాతో జతగా దిగిన డైవర్, చేత్తో తడిమి, దారం దొరకబుచ్చుకుని, రెండు చోట్ల కోశాడు. వెంట్రుకంత దారం అది!

అందుకే, చిక్కుకుంటే తిరగొద్దు, గుంజుకోవద్దు. ఊపిరి నిదానంగా తీస్తూ, టార్చి ఊపి బడ్డీని పిలవండి. దారం కోసే కట్టర్ ఛాతీ దగ్గరే ఉండాలి, ఏ చేతికైనా అందాలి. పిక్కకి కట్టుకున్న కత్తి, కాళ్లే చిక్కుకున్నప్పుడు ఎందుకూ పనికిరాదు. నేను రెండు కట్టర్లు పెట్టుకుంటాను.

చేపలు నిలవచేసే గదిలోకి తొంగిచూడండి, దూరకండి. కాలికి తొడుక్కున్న ఫిన్ ఒక్కసారి గట్టిగా ఆడితే లోపలి బురద లేచి దారి కనబడదు.

20 మీటర్ల దగ్గర ఒత్తిడి పైన ఉన్నదానికి మూడింతలు. పైన గంట వచ్చే గాలి అక్కడ 20 నిమిషాలే వస్తుంది. సిలిండర్‌లో 200 బార్ (గాలి ఒత్తిడి కొలత)తో దిగితే, గేజీ 100 చూపించేసరికి మళ్లీ తాడు దగ్గర ఉండాలని నా పట్టు. వల కోయడానికి పట్టే టైమ్‌కి కూడా గాలి కావాలి కదా. నిమిషానికి 9 మీటర్లు మించకుండా పైకొచ్చి, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగండి. ఊపిరి మాత్రం ఎప్పుడూ బిగబట్టొద్దు.

బెంగళూరు నుంచి వచ్చేవాళ్లకి ఇంకో మాట. మీ ఊరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. డైవ్‌లో ఒంట్లో చేరిన నైట్రోజన్ పోకముందే ఎత్తుకి వెళ్తే అది బుడగలు కట్టి ప్రమాదం. దానికి ఫ్లైట్ ఒక్కటే కాదు, ఘాట్ ఎక్కే బస్సు కూడా ఎత్తే. ఆదివారం డైవ్ చేసి ఆ సాయంత్రమే బస్సెక్కుతామంటే నేను దింపను. శనివారం పొద్దున్నే దిగండి, రాత్రి చెన్నైలో పడుకుని ఆదివారం మధ్యాహ్నం బయల్దేరండి.