ఇంట్ల పిల్లలు, ఇంటర్నెట్ – పాఠం 4: పుట్టిన తేదీ పంచాయితీ

ఇయ్యాల ప్లే స్టోర్‌ల పైసలు కట్ కాకుంట చూసుకునుడు చెప్దామనుకున్న, కానీ పోయిన పాఠం లొల్లే ఇంక ఒడవలే. హన్మకొండ, కాజీపేట, జనగామ, ఎవలను కదిలిచ్చినా ఒకటే మాట, "సార్, యూట్యూబ్‌ల రిస్ట్రిక్టెడ్ మోడ్ పెట్టినం, మాపటికల్లా పిల్లగాడు తీసేసిండు." తీస్తడు మరి, పెద్దోళ్ల వీడియోలు దాచే ఆ సెట్టింగుకు తాళం లేదు. పైగా ఏ ఫోన్ల పెడ్తే ఆ ఫోన్లనే పనిచేస్తది, టీవీల మళ్ల పెట్టాలె, క్రోమ్‌ల యూట్యూబ్ తెరిస్తే అండ్ల కూడ పెట్టాలె. వాడు తియ్యరాకుంట ఉండాల్నంటే ఫ్యామిలీ లింక్ కింద, అంటే పిల్లల అకౌంట్‌ను అమ్మనాయిన చూసుకునే గూగుల్ ఆప్ కింద, పిల్లల అకౌంట్ ఉండాలె. ఆప్ ఎక్కిచ్చుడు, ఓకే నొక్కుడు నేను చెప్ప, ఫోనే చెప్తది.

నాకు మండేది ఒక్క కాడ. పుట్టిన తేదీ! పిల్లకు జీమెయిల్ చేసేటప్పుడు, అసలు వయసు కొడ్తే అమ్మనాయినల పర్మిషన్ అడుగుతదని, ఆ తిప్పలెందుకని మన పుట్టిన తేదీ కొడ్తం. ఇంట్ల పదేండ్ల పిల్ల, గూగుల్ లెక్కల 1986ల పుట్టిన ఆడమనిషి. ఆమెకు పెద్దోళ్ల వీడియో ఎందుకు ఆపుతది? గేమోడు 18 నిండినయా అంటే నిండినయని నొక్కుడే. ఇన్‌స్టాగ్రామ్ కూడ గంతే. మన దేశంల 2025 ఫిబ్రవరి సంది 18 లోపోళ్లకు టీన్ అకౌంట్ అని ఇస్తున్నరు, దానంతట అదే ప్రైవేట్‌ల ఉంటది, తెల్వనోళ్లు మెసేజ్ పెట్టరాదు, 16 నిండనోళ్లు ఆ సెట్టింగులు సడలించుకోవాల్నంటే అమ్మనాయిన ఒప్పుకోవాలె. ఇంత కట్టుదిట్టం చేసినా 1986 అని ఉంటే ఒక్కటి అక్కరకు రాదు.

పాతదాంట్ల తేదీ మార్చుకోవచ్చు, గూగుల్ అకౌంట్‌ల పర్సనల్ ఇన్ఫోల ఉంటది. కానీ 13 లోపని మార్చంగనే సూపర్‌విజన్, అంటే అమ్మనాయిన నిగ్రానీ, పెట్టుమంటది, పెట్టకపోతే అకౌంట్ బందయితది, అందుకే ఫోటోలుంటే ముందుగాల్నే దించుకోర్రి. నేనైతే పాతదాని జోలికే పోను, ఫ్యామిలీ లింక్‌లకెళ్లే అసలు తేదీతోని కొత్తది చేస్త. అండ్ల యూట్యూబ్‌ల ఏ వీడియోలు కనవడాల్నో మనమే ఎంచుకోవచ్చు, ఎక్స్‌ప్లోర్ అంటే 9 దాటినోళ్లకు, ఎక్స్‌ప్లోర్ మోర్ అంటే 13 దాటినోళ్లకు. ఏడో తరగతి దాక మొదటిదే చాలని నా లెక్క, పోరలు మూతి ముడుస్తరు, ముడవనియ్యిర్రి.

ఎవడన్న ఫోటోలు అడిగి బెదిరిస్తే మాత్రం సెట్టింగుల పనికాదది. పిల్లను తిట్టకుర్రి, చాట్ డిలీట్ చెయ్యకుర్రి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ కొట్టుర్రి.

ఇగ మీ పని. దసరా సెలవులు రాకముందే ఇంట్ల ఉన్న ప్రతి ఫోను, టీవీ, మూలకు పడ్డ పాత ట్యాబుతో సహా ముంగట వెట్టుకొని, దేంట్ల ఏ జీమెయిల్ ఉన్నదో, అండ్ల పుట్టిన సంవత్సరం ఏమున్నదో నోట్‌బుక్కుల రాయుర్రి. అమ్మమ్మ ఫోన్ మర్వకుర్రి, లాక్ లేకుంట ఉండేది అదొక్కటే, పోరలకు ఎరుకే. రాసింది నాకు ఫోటో తీసి పంపకుర్రి.