ట్యాంకు చాలడం లేదా? ముందు డిప్ తీయండి

జీడిమెట్లలో మా ప్లాంటుకు ఆర్డర్లు పెరిగాయి, ట్యాంకులు పెరగలేదు. ఒకసారి మెథనాల్ అనే సాల్వెంట్ ట్యాంకర్ వచ్చాక చూస్తే దించడానికి జాగా లేదు. రాత్రంతా గేటు దగ్గరే, ఒకటే టెన్షన్.

అప్పటినుంచి ట్యాంకర్ బయల్దేరకముందే డిప్ తీయిస్తున్నాను, అంటే ట్యాంకులో ఎంత సరుకుందో కడ్డీ దించి కొలిపిస్తున్నాను. కడ్డీకి తడిస్తే రంగు మారే పేస్టు రాసి, తడి గీత చూసి, ఆ ఎత్తుకు ఎన్ని లీటర్లో చార్టులో చూసి రాస్తాం. ట్యాంకును 90 శాతం దాటి నింపనివ్వను. 20 కిలోలీటర్ల మెథనాల్ 10 డిగ్రీలు వేడెక్కితే 200 లీటర్లకు పైనే పెరుగుతుంది.

జాగా తినేది ఎక్కువగా రికవరీ సాల్వెంటే, అంటే ఒకసారి వాడాక శుద్ధి చేసి మళ్లీ వాడుకునేది. దాన్ని ముందు వాడండి. మిగిలినవి డ్రమ్ముల్లోనా? సరే, కానీ ఎర్తింగ్ లేకుండా నింపనివ్వకండి. ఖాళీ ఉంది కదా అని డైక్ (ట్యాంకు చుట్టూ కట్టిన గోడ) లోపల మాత్రం డ్రమ్ములు పెట్టొద్దు. ట్యాంకు కారితే పట్టాల్సింది అక్కడే.