అగ్నిపర్వత సరస్సుల చుట్టూ పరుగు దారి ఎలా వేసుకోవాలి?

మన దగ్గర చెరువు చుట్టూ పరుగంటే గట్టు మీద పరుగే. ఎక్కేదీ ఉండదు, దిగేదీ ఉండదు. జర్మనీ పడమటి వైపు ఐఫెల్ కొండల్లో మొదటిసారి పరుగుకు వెళ్లినప్పుడు నేనూ అదే లెక్క వేసుకున్నాను. దౌన్ అనే చిన్న ఊరి పక్కన మ్యాపులో మూడు నీలం చుక్కలు, దాదాపు ఒకదాన్నొకటి ఆనుకుని. మూడూ చుట్టేస్తే పదకొండు కిలోమీటర్లు, గంటంబావులో అయిపోతుందనుకున్నా. రెండో సరస్సు దాటకముందే నడకలో పడ్డాను. మూడోది చుట్టి పైకొచ్చేసరికి ఆదివారం ఆఖరి బస్సు వెళ్లిపోయింది.

తప్పు కాళ్లది కాదు, మ్యాపు చదవడానిది. కాగిన నూనెలో నీళ్లు పడితే ఏమవుతుందో వంటింట్లో అందరూ చూసిందే. ఇక్కడ భూమి లోపల జరిగింది దాదాపు అదే: పైకొస్తున్న శిలాద్రవం భూగర్భ జలానికి తగిలి, ఆవిరి ఒక్కసారిగా పేలి, నేలలో పెద్ద గిన్నెలాంటి గొయ్యి పడింది. తర్వాత అందులో నీళ్లు నిండాయి. స్థానికులు వీటిని 'మార్' అంటారు. ఆ మాటనే ప్రపంచమంతా భూగర్భ శాస్త్రంలో వాడుతున్నారు. కాబట్టి ఇక్కడ సరస్సంటే గిన్నె అడుగు. ఒక సరస్సు నుంచి ఇంకోదానికి వెళ్లాలంటే గిన్నె అంచు ఎక్కి దిగాల్సిందే.

1. మొదటి రోజు ఒక్క సరస్సే

కొత్తవాళ్లకు నేను చెప్పేది లాఖర్ జే. బాన్, కోబ్లెంజ్‌లలో చదువుకునే మన పిల్లలకు దగ్గర. సుమారు 13,000 ఏళ్ల క్రితం జరిగిన భారీ విస్ఫోటనంతో ఏర్పడిన సరస్సు ఇది. చుట్టు కొలత దాదాపు 8 కిలోమీటర్లు, దారి ఎక్కువ భాగం చదును. ఒడ్డునే 1093లో మొదలైన మరియా లాఖ్ మఠం ఉంది. పరుగు అక్కడ మొదలుపెట్టి అక్కడే ముగించవచ్చు.

తూర్పు ఒడ్డుకు వచ్చాక ఒక్క నిమిషం ఆగండి. నీళ్లలోంచి సన్నటి బుడగలు వరసగా పైకి వస్తుంటాయి, గోళీ సోడా కొట్టాక వచ్చేలాంటివి. సోడాలో ఉండే వాయువే అది, కార్బన్ డయాక్సైడ్. గాలి ఆడే దారిలో పరుగెత్తేవాళ్లకు భయం లేదు. కానీ అది గాలికన్నా బరువు, పల్లంలో నిలుస్తుంది. అలాంటి చోట గుంటల్లోకి దిగి పడుకోవడం, వంగి ముఖం పెట్టడం వద్దు.

2. దూరానికి ఎక్కుడు కలపండి

పశ్చిమ ఐఫెల్‌కు వెళ్లే ముందు కొండల మ్యాపు, అంటే ఎత్తు గీతలున్నది తెరవండి. గీతలు దగ్గర దగ్గరగా ఉంటే అది నిట్టనిలువు. తర్వాత ఈ చిన్న లెక్క: మొత్తం ఎక్కే ప్రతి 100 మీటర్లకూ ఒక కిలోమీటరు అదనంగా కలపాలి. కొండల్లో నడిచేవాళ్లు ఎప్పటినుంచో వాడే లెక్కే ఇది. పరుగుకూ చక్కగా సరిపోతుంది.

దౌన్ దగ్గరి మూడు సరస్సులకు దీన్ని వేసి చూడండి. గెమ్యుండెనర్ మార్ నీటిమట్టం సముద్రమట్టానికి సుమారు 407 మీటర్ల ఎత్తున ఉంది. షాల్కెన్‌మేరెనర్ మార్ 420. వాటి మధ్యనున్న వైన్‌ఫెల్డర్ మార్ 484. పక్కనే మొయిజెబర్గ్ కొండ 561 మీటర్లు. అన్నీ తిరిగితే ఎక్కుడు 250 మీటర్ల దాకా వస్తుంది. అంటే నా పదకొండు కిలోమీటర్లు నిజానికి పదమూడున్నర. నా బస్సు పోయింది ఆ తేడాలోనే.

3. ఎక్కుడు ముందు పడేలా దారి తిప్పండి

బస్సు దిగిన చోటు కాబట్టి నేను షాల్కెన్‌మేరెన్ ఊళ్లోంచి మొదలుపెట్టాను. దాంతో అన్నిటికన్నా కిందున్న సరస్సు చివర్లో వచ్చింది. దాన్ని చుట్టి, అలిసిన కాళ్లతో మళ్లీ అంచు ఎక్కాల్సొచ్చింది. తర్వాత ఈ దారిని తిరగేసుకున్నాను. ఇప్పుడు ఇలా వెళ్తాను:

గెమ్యుండెనర్ మార్ దగ్గర మొదలుపెట్టి, అడవిలోంచి మొయిజెబర్గ్ మీదికి. 150 మీటర్ల ఎక్కుడు. ఇక్కడ నడవండి, సిగ్గేం లేదు. పైన ద్రోంకె అనే రాతి బురుజు ఉంది. అక్కడ ఊపిరి తీసుకుని వైన్‌ఫెల్డర్ మార్‌కు దిగి, దాన్ని ఒక చుట్టు. ఒడ్డున ఒక చిన్న ప్రార్థనా మందిరం, దాని చుట్టూ శ్మశానం. ఒకప్పుడు ఇక్కడ వైన్‌ఫెల్డ్ అనే ఊరుండేది. 16వ శతాబ్దంలో ప్లేగు వచ్చి ఊరు పోయింది, గుడి మిగిలింది. అందుకే దీన్ని 'మృతుల సరస్సు' అని కూడా అంటారు. ఇందులో ఈతకు అనుమతి లేదు.

అక్కడినుంచి రోడ్డు దాటితే గిన్నె అంచు మీదికి వస్తారు. పరుగంతటిలో నాకు బాగా ఇష్టమైన చోటు ఇదే. వెనక్కి చూస్తే ఒక సరస్సు దాదాపు కాళ్ల ఎత్తులో, నల్లగా, కదలకుండా. ముందుకు చూస్తే ఇంకొకటి 64 మీటర్ల కింద, ఒడ్డున ఊరి ఇళ్లు, చర్చి. మే నెలాఖరులో అయితే వాలంతా పచ్చటి పసుపు పూల పొదలు, 'ఐఫెల్ బంగారం' అంటారు వాటిని. కిందికి దిగి షాల్కెన్‌మేరెనర్ మార్ చుట్టి, మళ్లీ ఆ అంచు ఎక్కాలి. అదొక్కటే చివరి కష్టం. ఆ తర్వాత గెమ్యుండెనర్ మార్ దాకా దిగుడే.

ఎక్కుడు అసలే వద్దనుకునే రోజున పాత రైలు కట్ట మీదికి వెళ్లండి. దౌన్ నుంచి బెర్న్‌కాస్టెల్-కూస్ దాకా పట్టాలు తీసేసి సైకిల్ దారి వేశారు. రైలు నిటారుగా ఎక్కలేదు కదా, వాలు మెత్తగా ఉంటుంది. దారిలో 560 మీటర్ల సొరంగం కూడా వస్తుంది. సైకిళ్లు వేగంగా దిగుతుంటాయి, కుడి అంచునే ఉండండి.

4. కాలి కింద నేల

లావా రాయంటే మనకేం కొత్త కాదు. వికారాబాద్ వైపు నల్లరేగడి లావా రాయి అరిగి వచ్చిందే, వానలో కాలు పడితే చెప్పు వదలదు. ఐఫెల్‌లో చాలాచోట్ల దారుల మీద పరిచే ఎర్రటి లావా కంకర దానికి పూర్తిగా ఎదురు. బోలుగా ఉంటుంది కాబట్టి నీళ్లు ఇట్టే ఇంకిపోతాయి. గొడవల్లా షూలో దూరే చిన్న రాళ్లతో. వాటి అంచులు పదును, నాలుగు అడుగులకే మేజోడు పట్టుకుంటాయి. చీలమండను కప్పే మేజోళ్లు వేసుకోండి. శరదృతువులో తడిసిన ఆకుల కింద వేళ్లు, రాళ్లు కనపడవు. దిగేటప్పుడు అడుగులు చిన్నవి వేయండి.

5. నీళ్లు

ఆదివారం జర్మనీలో కిరాణా కొట్లు మూసేస్తారు, అందుకే అర లీటరైనా వెంట ఉండాలి. పల్లెల్లో శ్మశానాల దగ్గర మొక్కలకు పోసే కుళాయి ఉంటుంది, పరుగువాళ్లకు అదో ఆసరా. 'తాగునీరు కాదు' అన్న బోర్డు ఉందేమో చూసుకోండి. చలికాలంలో కట్టేస్తారు కూడా. ఇక్కడి సహజ ఊటల్లో పుల్లటి గ్యాస్ నీళ్లు వస్తాయి, ఇనుముతో చుట్టూ రాళ్లు తుప్పు రంగుకు తిరిగి ఉంటాయి. బోర్డు అభ్యంతరం చెప్పని చోట ఒక గుక్క రుచి చూడండి. కడుపునిండా తాగి పరుగెత్తితే త్రేన్పులే త్రేన్పులు.

6. అడవి జాగ్రత్తలు

లోయల్లో సిగ్నల్ పోతుంది, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. అడవిలో అక్కడక్కడా అంకెలున్న ఆకుపచ్చ అత్యవసర బోర్డులుంటాయి. 112కి ఫోన్ చేసి ఆ అంకె చెబితే మీరెక్కడున్నారో వాళ్లకు తెలిసిపోతుంది. దాటిన ప్రతి బోర్డునూ ఫోటో తీసుకోవడం నాకు అలవాటు. ప్రకృతి రక్షణ ప్రాంతాల్లో దారి వదిలి అడ్డదారులు తొక్కకూడదు. శరదృతువులో వేట జరుగుతోందన్న బోర్డు కనిపిస్తే వెనక్కి తిరగండి, వాదన వద్దు. వసంతం నుంచి శరదృతువు దాకా గడ్డిలో పిడుదులుంటాయి, మన పశువులకు పట్టేలాంటివే. ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక, నడుము దగ్గర వెతకండి. కుట్టిన చోట ఎర్రటి వలయం పెరుగుతుంటే డాక్టరుకు చూపించాలి.

7. తిరుగు ప్రయాణం

బస్సు టైము చూసి, దానికి గంట ముందే పరుగు ముగిసేలా లెక్కేసి మొదలుపెట్టండి. ఎండాకాలమైతే ఆ గంట వృథా పోదు. గెమ్యుండెనర్ మార్‌లో ఈతకు ఏర్పాటుంది. తువ్వాలు, పొడి చొక్కా సంచిలో పెట్టుకోండి. నీళ్లు మాత్రం జూన్‌లో కూడా చల్లగానే ఉంటాయి, ముందు మోకాళ్ల దాకా దిగి చూడండి.